అరవై ఒకటో ప్యాకెట్

“కోరల్‌ని నువ్వే కొట్టావా, వారెన్?”

“ఊఁ.”

“నేను కొట్టానా?”

“ఊఁ.”

“ఆ కిటికీ మీద కూర్చున్న కాకి కొట్టిందా?”

వారెన్ కిటికీ వైపు తిరిగి కాకిని కాసేపు శ్రద్ధగా చూశాడు. “ఊఁ,” అన్నాడు.

సార్జెంట్ లోర్నా క్విల్టీ పెన్ను మూత పెట్టేసింది. గోడ గడియారంలో రెండు గంటల పది నిమిషాలైంది. యారపిన్నా ఊరి మొత్తానికి ఉన్న ఒక్క లాకప్ గది అది. తలుపు తెరిచే ఉంచమని లోర్నా చెప్పి వెళ్ళింది. ఆమె లేని సమయంలో ఎవరో మూశారు. ఫలితం వారెన్ నుదుటి మీద కనిపిస్తోంది. తలుపు మూసిన గదిలో ఉంచితే అతను గోడకు తల కొట్టుకుంటాడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఏడో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా అనాథ పిల్లల వసతిగృహంలో పెరిగిన మనిషి. అక్కడ ‘కాదు’ అన్న పిల్లవాణ్ణి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అందుకే నలభై రెండేళ్ళొచ్చినా అతనికి ఆ మాట నోట రాదు.

అతని చెల్లెలు కోరల్ టిండేల్‌ని ఈ ఉదయం ఎవరో చంపేశారు. ఆమె పనిచేసే షెడ్డులో, ప్యాకింగ్ బల్ల దగ్గర, ఇసుక నింపిన ఇనప టేపు స్టాండుతో తల మీద కొట్టారు. శవం పక్కన చేతుల నిండా నెత్తురుతో వారెన్ కూర్చుని ఉన్నాడు. ఒంటిగంటకు నగరం నుంచి విమానంలో దిగిన ఇన్‌స్పెక్టర్ హ్యాడ్లీ యాభై నిమిషాల్లో అతని చేత నేరం ఒప్పించి కాగితం రాయించాడు. నాలుగున్నరకు విమానం తిరిగి వెళ్తుంది. దాంట్లో వారెన్ కూడా వెళ్తాడు. అక్కడి జైల్లో తలుపులు తెరిచి ఉంచరు. వారం తిరక్కుండా వారెన్ కూడా శవమై తేలతాడని లోర్నాకు తెలుసు.

తనకున్నది రెండు గంటల ఇరవై నిమిషాలు.

“వారెన్, నేనేమీ అడగను. కోరల్ కింద పడుకుంది కదా. ఆ తర్వాత నీకేం వినిపించిందో నువ్వే చెప్పు.”

వారెన్ ఆలోచించాడు. నాలుగు వేళ్ళు లేని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో దాన్ని నిమిరాడు. పదహారో ఏట ఉన్ని బేళ్ళు నొక్కే యంత్రం తినేసిన వేళ్ళవి. తర్వాత పెదాలు బిగించి గొంతులోంచి ఒక చప్పుడు చేశాడు.

“కర్ర్ర్... కర్ర్ర్... కర్ర్ర్.”

లోర్నా ఆ చప్పుడు గుర్తుపట్టింది. ప్యాకింగ్ టేపు చుట్ట లోంచి టేపు లాగితే అచ్చం ఇలాగే ఉంటుంది.

“ఎవరు లాగారు?”

వారెన్ ఎడమ చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. “ప్యాకింగప్పుడు మాట్లాడకూడదు. తూకం తప్పుతుంది.”

ఇంకేం అడిగినా లాభం లేదు. పేరు అందిస్తే ‘ఊఁ’ అంటాడు. ఏ పేరు అందించినా అంతే. చూసిన సాక్షి ఎదురుగా ఉన్నాడు, అతని సాక్ష్యం మాత్రం చిల్లుకుండలో నీళ్ళు.

“తలుపు మూశారంటే మీ ఉద్యోగాలు మూసినట్టే,” అని బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ షెరిల్‌తో చెప్పి లోర్నా బండెక్కింది.

* * *

కోరల్ యజమానురాలు, సినిమా డిస్కులు టపాలో అద్దెకు పంపే ఐవీ ప్రెస్కాట్ తన షెడ్డు ముందు మెట్టు మీద కూర్చుని మాంసం కూరిన ‘పై’ రొట్టె తింటోంది. వెనక తలుపుకు పోలీసు పట్టీలు అడ్డంగా కట్టి ఉన్నాయి. అరవై మూడేళ్ళ మనిషి, ఎండకు ఎండిన తుమ్మ కర్రలా ఉంటుంది. మోకాలి మీద ఇంకో పొట్లం ఉంది.

“రెండు కొన్నాను,” అంది లోర్నా చూపు గమనించి. “ఒకటి కోరల్ కోసం. మరి పారేస్తామా ఏంటి?”

“కొన్ని ప్రశ్నలున్నాయి, మిసెస్ ప్రెస్కాట్.”

“ఓహో. చిన్నప్పుడు నా దగ్గర బొమ్మల సినిమాలు ఊరికే తీసుకెళ్ళిన పిల్ల ఇవాళ ఇంటిపేరు పెట్టి పిలుస్తోందే. అడుగు తల్లీ, అడుగు. ఆ నగరమాయన అడిగాడు, రాసుకున్నాడు, పోయాడు. నువ్వు కూడా రాసుకో.”

“ఎన్నింటికి బయటికెళ్ళారు?”

“పదిన్నరకి. బేకరీకి. చీటీ ఉంది చూడు, పది ముప్పై నాలుగు.”

“తిరిగొచ్చింది?”

“పదకొండుంబావు.”

“బేకరీ మూడు నిమిషాల దూరం.”

“బండిలో కూర్చుని రేడియో విన్నాను. పశువుల ధరలు చెప్తున్నారు. నేరమా?”

“టపా సంచి ఎవరు కట్టారు?”

“కోరలే. నేను వెళ్ళేసరికే అరవై ప్యాకెట్లూ కట్టేసింది. సంచి గేటు దగ్గర పెట్టింది. పదకొండింటికి టపా బండివాడు పట్టుకెళ్ళాడు. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. అరవై కుటుంబాలు ఊరికి ఎక్కడో దూరంగా ఆ మట్టిలో పశువుల మొహాలు చూసుకుంటూ కూర్చుంటాయి. వాళ్ళకు సినిమా చూపించేది నేనే. ఎవరు చచ్చినా టపా ఆగదు.”

“కోరల్‌కి శత్రువులున్నారా?”

ఐవీ నవ్వింది. పళ్ళ సందుల్లో ఎర్రటి సాస్ అంటుకుని ఉంది. “మూడేళ్ళ కింద కూతురు పోయినప్పుడే అది సగం చచ్చింది. మిగతా సగం ఇవాళ పోయింది. దానికి శత్రువులెందుకు? దాని కూతుర్ని గుద్దినవాణ్ణి పట్టుకోలేనివాళ్ళు ఊళ్ళో ఉండగా?”

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మూడేళ్ళ కింద ఈస్టర్ శనివారం సాయంత్రం కోరల్ కూతురు జోసీ సైకిల్ మీద వస్తుంటే ఒక బండి గుద్దేసి ఆగకుండా పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు గంటలు రోడ్డు పక్క మట్టిలో బతికే ఉంది. ఆ బండి ఎవరిదో తేల్చాల్సిన అధికారి లోర్నాయే. తేల్చలేదు.

లోర్నా పట్టీల కింద నుంచి వంగి షెడ్డులోకి వెళ్ళింది.

శవాన్ని తీసేశారు. బల్ల అలాగే ఉంది. ఒక పక్క చిన్న తూకం యంత్రం. దాని పక్కన ఇరవై మిల్లీమీటర్ల చీలిక కోసిన చెక్క పలక. ప్యాకెట్ ఆ చీలికలోంచి దూరాలి, నూట ఇరవై అయిదు గ్రాములు దాటకూడదు. అప్పుడే అది ఉత్తరం కింద లెక్క. ఒక్క గ్రాము పెరిగినా పార్సెల్ అయిపోతుంది, ఖర్చు మూడు రెట్లవుతుంది. అందుకే డిస్కుల్ని ప్లాస్టిక్ పెట్టెల్లోంచి తీసి కాగితం తొడుగుల్లో పెట్టి, మూడేసి చొప్పున రెండు అట్టల మధ్య బిగిస్తారు. ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా. అలా పెడితే ఎటు వంచినా వంగదు.

గోడకు ఒక ఫొటో అతికించి ఉంది. సైకిల్ మీద జోసీ. హ్యాండిల్ రెండు చివర్లా గోధుమరంగు కుచ్చులు మెరుస్తున్నాయి. మెషీన్ నమిలేసిన వీడియో టేపుల రీళ్ళు జడలల్లి కూతురికి తనే కట్టింది కోరల్.

ఆ ఫొటో మీద కూడా నెత్తురు తుంపర పడింది.

లోర్నా మోకాళ్ళ మీద కూర్చుంది. దెబ్బ పడ్డప్పుడు నెత్తురు చిలికి సన్నటి చుక్కలుగా అంతటా పడింది. బల్ల మీద, పద్దు పుస్తకం మీద, కవర్ల కట్ట మీద, నేల మీద. పద్దు పుస్తకంలో కోరల్ చేతిరాత అరవైతో ఆగింది. కింద అడ్డగీత, ‘10.25’ అని వేళ. అరగజం అవతల నేల మీద అట్టముక్కలు నాలుగు పడి ఉన్నాయి. గోరంతేసి ఉన్న త్రికోణపు ముక్కలు. కత్తెరతో కోసినవి.

వాటి మీద ఒక్క చుక్క కూడా లేదు.

చుట్టూ నేలంతా తుంపర. ఒక ముక్కను పట్టకారుతో ఎత్తి చూసింది. అడుగు వైపు అట్టకు నెత్తురు అంటుకుని ఉంది. ముక్క కింది నేల మీద కూడా చుక్కలున్నాయి.

నెత్తురు ముందు పడింది. అట్ట తర్వాత పడింది.

బల్ల కింద కోరల్ ముందుగా కోసి పెట్టుకునే అట్టల పెట్టె ఖాళీగా ఉంది. అరవై జతలు కోసింది, అరవై జతలు వాడేసింది. ఆ తర్వాత ఇంకొకరెవరో మూల నిలబెట్టిన పెద్ద అట్టపెట్టె రెక్క చింపారు. అది మందం అట్ట. తూకం రెండు గ్రాములు పెరిగి ఉంటుంది. నాలుగు మూలలూ కత్తిరించి సరిచేశారు.

డాక్టర్ ఉదయం చెప్పిన మాట లోర్నాకు గుర్తొచ్చింది. కోరల్ వెంటనే పోలేదు. పావుగంటో ఇరవై నిమిషాలో ప్రాణం ఉండే ఉంటుంది.

ఆ పావుగంటా పక్కనే నిలబడి ఒకరు డిస్కు ప్యాక్ చేశారు. తూచారు. మూలలు కత్తిరించారు. మళ్ళీ తూచారు.

“నేల తుడుస్తున్నావా, సార్జెంట్ గారూ?”

గుమ్మంలో హ్యాడ్లీ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో వారెన్ ఒప్పుకోలు కాగితం, మొహం చుట్టూ ఈగలు.

“వారెన్ కాదు, సార్.” లోర్నా లేచి నిలబడింది. “ఇటు చూడండి. కోరల్ పడ్డాక ఎవరో ఈ బల్ల దగ్గర ప్యాకింగ్ చేశారు. ఈ ముక్కలు కత్తెరతో కోసినవి.”

“అయితే వాడే కోశాడు.”

“కుడిచేతికి బొటనవేలు తప్ప ఏమీ లేదు. ఎడమచెయ్యి చెంచా పట్టుకుంటేనే వణుకుతుంది. పెట్టెలు కాళ్ళతో తొక్కి చదును చెయ్యడం, సంచులు మొయ్యడం, అంతే అతని పని.”

హ్యాడ్లీ ముక్కల్ని చూశాడు. తుంపర్ని చూశాడు. అతను మూర్ఖుడు కాడు. అతనితో ఉన్న చిక్కే అది.

“మీ ఊళ్ళో అందరూ నీకు అత్తలూ మేనమామలే కదా. ఎవరికీ బేడీలు వెయ్యడానికి నీ చెయ్యి రాదు. మూడేళ్ళ కింద కూడా ఇలాగే ముక్కలేరుకుంటూ కూర్చున్నావట. పిల్లని గుద్దినవాడు ఈ పాటికి మనవళ్ళని ఎత్తుకుంటూ ఉంటాడు.”

“అరగంట ఇవ్వండి, సార్.”

“ఎవరి మీద అనుమానం?”

పేరు నాలుక చివర ఉంది. పదిన్నర నుంచి పదకొండుంబావు దాకా బండిలో కూర్చుని పశువుల ధరలు విన్న మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే. కానీ పేరు చెప్తే హ్యాడ్లీ బయటికెళ్ళి, మెట్టు మీదున్న ఐవీని ఈ క్షణమే నిలదీస్తాడు. చేతిలో సాక్ష్యం లేదు. ఆమె బయటపడుతుంది. లేదా అతనే తేలుస్తాడు. పేపర్లో అతని ఫొటో వస్తుంది, మూడేళ్ళుగా ఊరు అంటున్న మాటలు తను ఇంకో ముప్పై ఏళ్ళు పడాలి.

రెండో కారణమే పెద్దదని లోర్నాకు తెలుసు.

“ఇంకా ఎవరి మీదా లేదు, సార్.”

“ఊరికే అట్టముక్కలు.” హ్యాడ్లీ నవ్వాడు. “సరే. నీ మేనమామ వారెన్‌కి కత్తెరిచ్చి చూస్తా. కోశాడా, విమానం ఎక్కుతాడు. నువ్వు సెలవు చీటీ రాసుకో.”

అతను పట్టీల కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు. టైము మూడు కావడానికి అయిదు నిమిషాలుంది. లోర్నా బయటికొచ్చేసరికి మెట్టు మీద ‘పై’ పొట్లం కాగితం మాత్రం మడత పెట్టి ఉంది. ఐవీ లేదు.

* * *

పోస్టాఫీసు బల్ల వెనక క్లెమ్ డార్సీ ప్యాకెట్లు సర్దుతున్నాడు. అరవై దాటిన మనిషి. ఈ ఊళ్ళో ఎవరికి ఎక్కణ్ణుంచి ఉత్తరాలొస్తాయో అతనికి తెలిసినంత ఆ ఉత్తరాలందుకునేవాళ్ళకు కూడా తెలియదు.

“ఐవీ సంచి ఇంకా ఉందా, క్లెమ్?”

“విమానం సంచిలో వేస్తున్నా. ఎందుకు? చట్టం తెలుసు కదా పిల్లా, కోర్టు కాగితం లేకుండా టపా ముట్టుకోనివ్వను. మా అమ్మ వచ్చి అడిగినా సరే. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయిందనుకో.”

“ముట్టుకోను. ఎన్ని ఉన్నాయో చెప్పు చాలు.”

క్లెమ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని లెక్కపెట్టాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

“అరవై ఒకటి. చీటీ మీద అరవై అని ఉందే?”

“అరవై ఒకటోది చూపించు.”

“నాకెలా తెలుస్తుంది? అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి కోరల్ కట్టినవి. ఇటుకలు పేర్చినట్టు...” క్లెమ్ ఆగిపోయాడు. వేలు ఒకదాని మీద నిలిచింది. “ఇది తప్ప.”

మిగతా ప్యాకెట్లకు మూలలు కత్తిలా ఉన్నాయి. దీనికి నాలుగు మూలలూ మెత్తగా వేలాడుతున్నాయి. లోపల అట్ట మూలల్లేవు, కవరు కాగితం ఒక్కటే ఉంది. సంచిలో పడి నలిగిన ఒక మూల చిరిగి కూడా ఉంది.

క్లెమ్ దాన్ని తూకంలో పెట్టాడు. “నూట ఇరవై నాలుగున్నర. ఈ మూలలు కోసే పద్ధతి చూసి ఎన్నాళ్ళయిందో! కోరల్ రాకముందు ఐవీ ఇలాగే కట్టేది. సగం ప్యాకెట్లు చిరిగి నా నెత్తిన పడేవి. కోరల్ వచ్చాకే ఆ పీడ వదిలింది.”

“ఎవరికి రాసి ఉంది?”

“ఐవీ దుకాణానికే. వాడకందార్లు డిస్కులు తిప్పి పంపే అచ్చు కవరు. ఇది విమానం ఎక్కేది కాదు, ఇక్కడే తన పెట్టెలో పడాల్సింది.” అతని మొహంలో రంగు మారింది. “రెండింటికి ఫోను చేసింది. పెట్టెలో ఏమైనా వచ్చిందా అని. సర్దడం కాలేదు, నాలుగు తర్వాత రమ్మన్నాను. చంపినవాణ్ణి పట్టుకున్నారుగా, మనసు మళ్ళించుకోవడానికి పని చూసుకుంటోంది పాపం అనుకున్నా.”

లోర్నాకు ఇప్పుడంతా కనిపించింది. హత్య జరిగిన షెడ్డుకు పోలీసులు తాళం వేస్తారు. అక్కడున్నవాళ్ళ జేబులు, బళ్ళు వెతుకుతారు. డిస్కు విరిస్తే ముక్కలు దొరుకుతాయి, కాలిస్తే కంపు కొడుతుంది. షెడ్డులోంచి ఏ అనుమానం లేకుండా బయటికెళ్ళేది ఒక్క టపా సంచే. పార్సెల్ ఖర్చు పెట్టి పంపినా ఎవరూ అడిగేవారు కాదు. కానీ తూకం మించిన ప్యాకెట్‌ను క్లెమ్ పక్కన పెడతాడు, పది మందికీ కనిపిస్తుంది. అందుకే కత్తిరించింది. చేతికి అలవాటైన పని, చెయ్యి తనంతట తనే చేసేసింది.

“క్లెమ్, ఇది తెరవాలి.”

“కాగితం తీసుకురా.”

“నాలుగున్నరకు వారెన్‌ని తీసుకెళ్ళిపోతారు.”

క్లెమ్ ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. చిరిగిన మూలను బొటనవేలితో తడిమాడు. “చిరిగిన ప్యాకెట్‌ను విప్పి, లోపల సరుకు బాగుందో లేదో చూసి, మళ్ళీ కట్టే బాధ్యత పోస్టుమాస్టర్‌ది,” అన్నాడు ఎటో చూస్తూ. “డిస్కు బాగుందో లేదో చూడాలంటే ఆడించి చూడాలి మరి. వెనక గదిలో టీవీ ఉంది. నువ్వు అక్కడ టీ తాగుతుంటే నేనేం చెయ్యగలను?”

లోపల మూడు డిస్కులున్నాయి. పైదీ కిందదీ దుకాణం నంబర్లున్న సినిమాలు. మధ్యది ఇంట్లో రికార్డు చేసుకున్నది. దాని మీద పెన్నుతో ‘ఈస్టర్ పందేలు – పిల్లలు’ అని రాసి ఉంది. ఆ అరవై కుటుంబాల్లో ఒకటైన మెకెల్వీ కుటుంబం చేతిరాత అన్నాడు క్లెమ్. అద్దె డిస్కు బదులు సొంతది తొడుగులో పెట్టి తిప్పి పంపి ఉంటారు, నెలకొకరైనా చేసే పొరపాటే. తిరిగొచ్చిన ప్రతి డిస్కునూ గీతలు పడ్డాయేమోనని కోరల్ ఆడించి చూసేది. ఈ ఉదయం దీన్నీ చూసే ఉంటుంది.

తెర మీద గుర్రప్పందేల మైదానం వచ్చింది. మూలలో తేదీ. మూడేళ్ళ కిందటి ఈస్టర్ శనివారం, సాయంత్రం 4.52. ఐస్‌క్రీము మొహానికంతా పూసుకున్న ఒక పిల్లవాడు కెమెరాకు నాలుక చూపిస్తున్నాడు. అతని వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర తెల్ల ట్రక్కు ఒకటి ఉంది. పొడవాటి ఆడమనిషి బకెట్టుతో నీళ్ళు పోసి, కంగారూలు గుద్దుకోకుండా బండి ముందు బిగించే ఇనప కమ్ముల్ని కడుగుతోంది. కమ్ముల మీద నెత్తురు కొత్తేమీ కాదు. ఈ ప్రాంతంలో ప్రతి బండికీ ఉంటుంది.

కమ్ముల సందులోంచి ఆమె ఏదో లాగింది. గోధుమరంగులో, ఎండకు తళుక్కుమంటూ పొడుగ్గా వచ్చింది. అల్లిన టేపు రీలు. దాన్ని వేలికి నింపాదిగా చుట్టుకుని జేబులో వేసుకుంది. తల తిప్పి కెమెరా వైపు చూసింది. పిల్లవాడికి చెయ్యి ఊపింది.

ఐవీ ప్రెస్కాట్.

4.52కి జోసీ పన్నెండు కిలోమీటర్ల అవతల మట్టిలో పడి ఉంది. అప్పటికి బతికే ఉంది. గుద్దినవాళ్ళు సమయానికి ఒక్క మాట చెప్పి ఉంటే బతికేదని అప్పట్లో డాక్టర్ అన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఐవీ ఆ తల్లి పక్కనే నిలబడి, ఒకే బల్ల మీద, ఒకే టేపు చుట్టతో ప్యాకెట్లు కట్టింది.

క్లెమ్ తన కుర్చీలో ముడుచుకుపోయాడు. “జోసీ అంత్యక్రియలకి కేకు తెచ్చింది ఆవిడే,” అన్నాడు.

గడియారంలో నాలుగు కావడానికి పది నిమిషాలుంది. లోర్నా ఫోనందుకుంది.

“షెరిల్, హ్యాడ్లీని పిలు. వారెన్‌ని విమానం ఎక్కించొద్దని చెప్పు.”

“ఎక్కించడం లేదుగా!” షెరిల్ గొంతులో సంతోషం. “ఆయన కత్తెరిచ్చి కొయ్యమన్నాడు. పాపం మూడుసార్లు జారిపోయింది, చేతికి గుచ్చుకుంది, అయినా కోస్తూనే ఉన్నాడు. చూడలేకపోయాను లోర్నా. చివరికి ఆయనే ఛీ అని కాగితం చింపేశాడు. వదిలేశారు!”

“ఎక్కడున్నాడు?”

“ఒంటరిగా పంపకూడదు కదా. బాధ్యత తీసుకునే మనిషి సంతకం పెట్టాలి. చెల్లెలు పోయిందాయె. అదృష్టం బాగుండి ఐవీ వచ్చింది, నేను చూసుకుంటా నాయనా అని...”

లోర్నాకు మిగతా మాటలు వినిపించలేదు. ఫోను చేతులు మారింది.

“నువ్వు అడిగిందే చేశాను, సార్జెంట్. ఇప్పుడేంటి?” హ్యాడ్లీ.

“చంపింది ఐవీ. సాక్ష్యం నా ముందుంది. వారెన్ చూశాడు.”

ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. “ఈ పేరు నీకు షెడ్డులోనే తెలుసా?”

లోర్నా బండి తాళాలు అందుకుంది.

“అడిగాను నిన్ను. మొహం మీదే అడిగాను.”

“ఎటు వెళ్ళారు?”

“ఇరవై నిమిషాలైంది. ఉత్తర దిక్కు దారి.”

ఉత్తరం దారిలో ఇళ్ళు లేవు. ఎనభై కిలోమీటర్లు కంచెలు, గేట్లు, ఆ తర్వాత ఉప్పు మేట. లోర్నా పోలీసు బండిని నూట నలభై మీద తోలింది. ఎడమచేత్తో రేడియో మైకు అందుకుంది. ఇక్కడి బళ్ళన్నీ ఒకే చానల్లో మాట్లాడుకుంటాయి. ఎంత దూరం అందుతుందన్నది నేల చదునును బట్టి ఉంటుంది. ఇక్కడ నేల పెనంలా ఉంది.

“ఐవీ. నేను, లోర్నాని. వింటున్నావా?”

గరగర. మళ్ళీ గరగర. తర్వాత ఆ గొంతు, మెట్టు మీద కూర్చుని ‘పై’ తింటున్నంత తీరుబడిగా.

“చెప్పు తల్లీ.”

“బండి ఆపు.”

“ఆపే ఉందిగా. గేటు దగ్గర.”

ఈ దారుల్లో గేటు వస్తే పక్క సీటులో ఉన్న మనిషే దిగి తియ్యాలి. బండి తోలేవాళ్ళు దిగరు. ఇక్కడ పుట్టిన ఎవరికీ అది చెప్పక్కర్లేదు.

“ఐవీ, నా మాట విను. డిస్కు నా దగ్గరుంది. అంతా అయిపోయింది. అతన్నేం చేసినా నీకు ఒరిగేదేమీ లేదు.”

రేడియోలో గాలి చప్పుడు వెనక గేటు గొలుసు గలగలమంది.

“మూలలు చిరిగాయా?” అంది ఐవీ.

“చిరిగాయి.”

“కోరల్ ఎప్పుడూ అంటూనే ఉండేది.” ఆమె నిట్టూర్చింది. “పాపం వీడికి ఒక్క చేత్తో గొలుసు రావడం లేదు. చూడు, బండి ముందే నిలబడి నా వైపు తిరిగి నవ్వుతున్నాడు.”

“ఐవీ!”

మైకు మీటను ఆమె వదల్లేదు. ఇంజను హోరు పెరగడం లోర్నాకు స్పష్టంగా వినిపించింది.